పొలం డబ్బుతో ప్లాటు కొంటున్నారా? రాబడి ఎంత ఖాయం, నష్టభయం ఎంత?

పట్టణాల చుట్టుపక్కల, జాతీయ రహదారుల వెంట ఉన్న గ్రామాల్లో ఇప్పుడు ఏ రైతును కదిపినా క్వింటా ధర కంటే గజం ధర గురించే మాట్లాడుతున్నారు. ఎరువుల మోతాదు అడగడానికి వచ్చిన రైతులు కూడా చివర్లో "సార్, ఎకరం అమ్మి ప్లాట్లు కొంటే ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. భూసేకరణ పరిహారం వచ్చినవారు, కూతురి పెళ్లికో కొడుకు చదువుకో కొంత పొలం అమ్మినవారు, రెండు మూడేళ్లు పత్తి, మిర్చి కలిసొచ్చి నాలుగు డబ్బులు మిగిల్చుకున్నవారు – అందరి ముందూ ఇదే ప్రశ్న ఉంది.

ప్లాటు కొనడం తప్పని ఈ వ్యాసం చెప్పదు. కొని బాగుపడ్డవారూ ఉన్నారు, కొని కోర్టుల చుట్టూ తిరుగుతున్నవారూ ఉన్నారు. ఇందులో ఏది ఖాయం, ఏది ఖాయం కాదు అన్నది కొనకముందే విడదీసి చూసుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాం.

విత్తే ముందు చూసినట్టే చూడాలి

సాగులో మనకు మూడు రకాల విషయాలు ఎదురవుతాయి. విత్తనం, ఎరువు, కూలి ఖర్చు ముందే తెలుస్తుంది. విత్తనం మొలకెత్తుతుందా, నేలలో భాస్వరం ఉందా అన్నది పరీక్ష చేస్తే తెలుస్తుంది. వాన ఎప్పుడు పడుతుంది, కోతల నాటికి ధర ఎంత ఉంటుంది అన్నది ఎవరికీ తెలియదు. తెలివైన రైతు మొదటి రెండింటినీ పక్కాగా చూసుకుని, మూడోదానికి తట్టుకునేలా పంటలు, పెట్టుబడి సర్దుకుంటాడు.

ప్లాటు విషయంలోనూ అంతే.

1. ముందే తెలిసేవి: కొనడానికి, ఉంచుకోవడానికి, అమ్మడానికి అయ్యే ఖర్చులు, అప్పు మీద వడ్డీ, పొలం అమ్మితే పోయే ప్రయోజనాలు.
2. పరిశీలిస్తే తెలిసేవి: హక్కు పత్రాలు, లేఅవుట్ అనుమతి, నిషేధిత జాబితా, హద్దులు.
3. ఎవరికీ తెలియనివి: రేపటి ధర, ప్రభుత్వ నిర్ణయాలు, రోడ్డు ఎటు నుంచి పోతుంది, మీకు డబ్బు అవసరమైన రోజున కొనేవాడు దొరుకుతాడా లేదా.

ప్లాట్లు అమ్మేవారు ఎక్కువగా మూడో రకం గురించి చాలా ధీమాగా మాట్లాడతారు. మొదటి రెండింటి గురించి అడిగితే మాట దాటేస్తారు. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

"పదేళ్లలో రెట్టింపైంది" అంటే ఎంత?

"పది లక్షలు పెట్టాను, పదేళ్లలో ఇరవై లక్షలైంది" అని ఎవరైనా చెబితే పెద్ద లాభంగా వినిపిస్తుంది. దీన్ని ఏడాది లెక్కలోకి మార్చడానికి తేలిక పద్ధతి ఉంది. డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపైందో ఆ అంకెతో 72ను భాగించండి. వచ్చేది సుమారుగా ఏడాదికి ఎంత శాతం పెరిగిందో చెబుతుంది. పదేళ్లలో రెట్టింపైతే ఏడాదికి 7.2 శాతం. ఆరేళ్లలో రెట్టింపైతే 12 శాతం. పన్నెండేళ్లు పడితే 6 శాతం.

ఇప్పుడు ఖర్చులు కలుపుదాం. ఉదాహరణకు ప్లాటు ధర రూ.10 లక్షలు అనుకోండి.

- రిజిస్ట్రేషన్ ఖర్చు: స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం. అంటే రూ.75,000.
- మధ్యవర్తి కమీషన్ 2 శాతం అనుకుంటే రూ.20,000.
- మీ చేతి నుంచి పోయింది మొత్తం రూ.10.95 లక్షలు.
- పదేళ్ల తరువాత రూ.20 లక్షలకు అమ్మితే మళ్లీ కమీషన్ రూ.40,000. చేతికి వచ్చేది రూ.19.60 లక్షలు.

ఇప్పుడు లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 6 శాతం మాత్రమే. లాభంపై పన్ను పడితే ఇంకా తగ్గుతుంది. కంచె, రాళ్లు పాతించడం, పిచ్చిచెట్లు కొట్టించడం, చూసి రావడానికి బస్సు ఛార్జీలు ఇందులో కలపలేదు. అదే రూ.10.95 లక్షలను ఏడాదికి 7 శాతం వడ్డీ ఇచ్చే బ్యాంకు డిపాజిట్‌లో వేసి, వడ్డీ తీయకుండా ఉంచితే పదేళ్లకు సుమారు రూ.21.9 లక్షలు అవుతుంది. డిపాజిట్ వడ్డీకి కూడా పన్ను నిబంధనలు ఉంటాయి. అయినా "రెట్టింపు" అన్న మాట వినగానే పొంగిపోనక్కర లేదని ఈ లెక్క చెబుతుంది.

ఖాళీ ప్లాటు బీడు భూమి లాంటిది. ఏటా పంట ఇవ్వదు, కౌలు ఇవ్వదు. దాని రాబడి మొత్తం అమ్మే రోజు ధర మీదే ఆధారపడి ఉంటుంది. వరికి కేంద్రం ముందుగానే మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025–26కు సాధారణ రకానికి క్వింటా రూ.2,369 అని విత్తకముందే తెలిసింది. ప్లాటుకు మద్దతు ధర లేదు, కొనుగోలు కేంద్రం లేదు.

అప్పు చేసి కొంటే

పై ప్లాటునే సగం అప్పుతో కొన్నారనుకోండి. రూ.5 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నెలకు రూ.10,000, ఏడాదికి రూ.1.20 లక్షలు, మూడేళ్లకు రూ.3.60 లక్షలు.

మీరు పెట్టింది రూ.10.95 లక్షలు, వడ్డీ రూ.3.60 లక్షలు, మొత్తం రూ.14.55 లక్షలు. అమ్మేటప్పటి కమీషన్ కూడా కలిపితే మూడేళ్లలో ఆ ప్లాటు సుమారు రూ.14.85 లక్షలకు అమ్ముడుపోతేనే మీకు అసలు దక్కుతుంది. అంటే మూడేళ్లలో ధర దాదాపు సగానికి సగం పెరిగితే లాభమూ లేదు, నష్టమూ లేదు. అంతకంటే తక్కువ పెరిగితే ధర పెరిగినా మీరు నష్టపోయినట్టే. వడ్డీ ఖాయం, ధర ఖాయం కాదు. ఖాయమైన ఖర్చును ఖాయం కాని రాబడితో తీర్చాలని చూడడమే చాలా కుటుంబాలను ముంచుతోంది.

పంట రుణం డబ్బును ప్లాటు వాయిదాలకు మళ్లించడం ఇంకా ప్రమాదం. రూ.3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. ప్లాటు వాయిదా కోసం ఆ గడువు దాటిస్తే రాయితీ పోతుంది. వచ్చే సీజనుకు పెట్టుబడి కోసం రెండు రూపాయల వడ్డీకి వెళ్లాల్సి వస్తుంది.

పొలం అమ్మితే ఇంకేం పోతాయి?

ఎకరం ధర రూ.40 లక్షలు, కౌలు రూ.25,000 అయితే "ఈ పొలం నాకు ఒక్క శాతం కూడా ఇవ్వడం లేదు" అని రైతు అనుకోవడంలో తప్పు లేదు. ఆ లెక్క నిజమే. కానీ పొలంతో పాటు పోయేవాటిని కూడా లెక్కలో వేయాలి.

- తెలంగాణలో రైతు భరోసా ఎకరాకు ఏడాదికి రూ.12,000 ఎకరాల లెక్కన వస్తుంది. ఎకరం అమ్మితే ఆ ఎకరం మేరకు తగ్గుతుంది.
- పీఎం కిసాన్ రూ.6,000, ఆంధ్రప్రదేశ్‌లో పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి రూ.20,000 ఇచ్చే అన్నదాత సుఖీభవ కుటుంబం లెక్కన వస్తాయి. కొంత అమ్మితే పోవు, భూమి మొత్తం అమ్మితే పోతాయి.
- తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకు ఉన్న రూ.5 లక్షల రైతు బీమా పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగా ఉంటుంది. పేరు మీద భూమి లేకపోతే అర్హత ఉండదు.
- పంట రుణం పరిమితి ఎకరాలను బట్టి, పంటను బట్టి ఉంటుంది. భూమి తగ్గితే తక్కువ వడ్డీ రుణమూ తగ్గుతుంది.
- ఇంటి తిండి గింజలు, పశువుల మేత, ఇంట్లోవారి పని దినాలు. వీటికి బయట డబ్బు పెట్టి చూస్తే విలువ తెలుస్తుంది.

కాబట్టి భూమి మొత్తం అమ్మి ప్లాట్లలో పెట్టడం, మూడెకరాల్లో ఒకటి అమ్మడం ఒకే నిర్ణయం కాదు. పాసుపుస్తకం నిలిచేలా కొంత భూమి ఉంచుకోవడం దాదాపు అందరికీ మేలు.

పరిశీలిస్తే తెలిసేవి

ఈ భాగంలో నష్టపోవడం దురదృష్టం కాదు, చూసుకోకపోవడం. బయానా ఇవ్వకముందే కింది వాటిని చూడాలి.

హక్కు పత్రాలు: రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. రిజిస్ట్రార్ కార్యాలయం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప, అమ్మేవాడికి హక్కు ఉందని హామీ ఇవ్వదు. అందుకే కనీసం 30 ఏళ్ల ఈసీ, అన్ని లింకు దస్తావేజులు తీసుకుని, అమ్మేవారికి సంబంధం లేని న్యాయవాదితో చూపించండి. మూల పట్టాదారు నుంచి ఇప్పటివరకు చేతులు మారిన వరుసలో ఒక్క మెట్టు తగ్గినా ఆగిపోండి.

వారసుల సంతకాలు: ఉమ్మడి ఆస్తి అయితే కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన హక్కు ఉంది. 1985 ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005 కేంద్ర సవరణ ఈ హక్కును ఇచ్చాయి. "ఆడపిల్లలు అడగరులే" అన్న మాట నమ్మి కొన్న ప్లాట్లు తరువాత దావాల్లో పడుతున్నాయి.

జీపీఏ: కేవలం జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకపు ఒప్పందం మీద కొన్న ఆస్తికి యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉంటేనే కొన్నట్టు.

నిషేధిత జాబితా: రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూముల జాబితా ఉంటుంది. సర్వే నంబరుతో సరిచూడండి. అసైన్డ్ భూముల బదిలీపై 1977 నుంచి నిషేధ చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తరువాత సవరణలు వచ్చినా, వర్తిస్తాయో లేదో తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 నిబంధన ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు.

చెరువులు, వాగులు: చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో, దాని బఫర్‌లో ఉన్న ప్లాటుకు ఇంటి అనుమతి రాదు. వేసవిలో పొడిగా కనిపించిన నేలను చూసి మోసపోవద్దు. హైదరాబాద్ పరిధిలో 2024 జూలైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల్లోని నిర్మాణాల కూల్చివేతలు మీరు చూసే ఉంటారు. పాత రైతులను అడగండి, నీరు ఎంతవరకు వచ్చేదో వారే చెబుతారు.

లేఅవుట్ అనుమతి: "గ్రామ పంచాయతీ లేఅవుట్, సర్పంచి సంతకం ఉంది" అన్నది చాలదు. డీటీసీపీ, హెచ్‌ఎండీఏ, సీఆర్‌డీఏ లేదా ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చిన ఎల్‌పీ నంబరు ఉండాలి. అనుమతి ఇచ్చేటప్పుడు 15 శాతం ప్లాట్లను ఆ సంస్థ పేరిట తనఖా పెట్టించుకుంటారు. రోడ్లు, కాలువలు పూర్తి చేశాకే వాటిని విడుదల చేస్తారు. మీరు కొనే ప్లాటు నంబరు ఆ తనఖాలో ఉందేమో చూసుకోండి.

రెరా నమోదు: 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్లు, ఎనిమిది ఫ్లాట్లు మించిన అపార్ట్‌మెంట్లు రెరాలో నమోదు కాకుండా అమ్మకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. వాటిని అమ్మిపెట్టే ఏజెంటుకూ నమోదు ఉండాలి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతాన్ని విడిగా బ్యాంకు ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. నంబరును కరపత్రంలో చూసి వదిలేయకుండా, రెరా వెబ్‌సైట్‌లో మీరే గానీ, చదువుకున్న మీ పిల్లలు గానీ చూడాలి.

ఫాం ప్లాట్లు: వ్యవసాయ భూమినే గుంటల లెక్కన ముక్కలు చేసి, మామిడి మొక్కలు నాటి అమ్ముతారు. ఎకరానికి 4,840 గజాలు అని మనకు తెలుసు. మంచి రోడ్లు, పార్కు వదిలిన లేఅవుట్‌లో అమ్మకానికి మిగిలేది సుమారు సగం నుంచి 60 శాతమే. ఫాం ప్లాట్లలో ఆ ఖర్చూ ఉండదు, ఆ అనుమతీ ఉండదు. గజం ధర తక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఇల్లు కట్టాలంటే అనుమతి రాదు, దారి హక్కు దస్తావేజులో రాయకపోతే రేపు దారే ఉండదు.

ఎవరికీ తెలియనివి

పత్రాలన్నీ సరిగ్గా ఉన్నా మిగిలే నష్టభయం ఇది. మన రాష్ట్రాల నుంచే రెండు ఉదాహరణలు చూద్దాం.

అమరావతి: రాష్ట్ర విభజన తరువాత 2014–15లో రాజధాని కోసం 29 గ్రామాల రైతులు భూసమీకరణలో సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చారు. మెట్ట భూమికి ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు భూమికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. పదేళ్ల పాటు ఏటా కౌలు కూడా ఒప్పందంలో ఉంది. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల ధరలు ఆకాశానికి అంటాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రావడంతో పనులు ఆగాయి, ధరలు పడిపోయాయి, కొనేవారు లేకుండా పోయారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతులకు అనుకూలంగా తీర్పు ఇచ్చినా పనులు ఊపందుకోలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక ధరలు మళ్లీ కదిలాయి. 2025 మే 2న పనులు పునఃప్రారంభమయ్యాయి.

ఇందులో గమనించాల్సింది ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అన్నది కాదు. 2018లో అప్పు చేసి అక్కడ ప్లాటు కొన్నవారు, సొంత డబ్బుతో కొన్నవారు ఒకే ప్లాటు కొన్నా ఫలితం వేరు. సొంత డబ్బుతో కొన్నవారు ఆగగలిగారు. వడ్డీ కట్టలేనివారు ధర పడినప్పుడే అమ్ముకోవాల్సి వచ్చింది. రేపటి ధరను ఎవరూ అంచనా వేయలేరు. ఎన్నేళ్లు ఆగగలమన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది.

తెలంగాణ ఎల్‌ఆర్‌ఎస్: 2020 ఆగస్టు చివర్లో అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం ఆపింది. క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే సుమారు 25 లక్షలు వచ్చాయి. ఒక్కో ప్లాటుకు రూ.1,000 కట్టి దరఖాస్తు పెట్టినవారిలో చాలామంది నాలుగేళ్లకు పైగా ఎదురుచూశారు. 2025లో ప్రభుత్వం 25 శాతం రాయితీ ప్రకటించి దరఖాస్తులను కదిపింది. అంతకాలం ఆ ప్లాట్లు కాగితం మీద ఆస్తే. పెళ్లికో ఆసుపత్రికో అమ్ముదామంటే కుదరలేదు.

రింగు రోడ్డు, విమానాశ్రయం, ఫార్మా కంపెనీ, కొత్త జిల్లా కేంద్రం వస్తుందన్న మాటలన్నీ ఈ కోవలోనివే. దూరపు కొండలు నునుపు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన తరువాత కూడా అలైన్‌మెంట్లు మారతాయి. రోడ్డు మీ ప్లాటు పక్క నుంచి పోతే లాభం, మీ ప్లాటు మీదుగా పోతే పరిహారం కోసం ఎదురుచూడాలి.

ధర ఉండడం వేరు, అమ్ముడుపోవడం వేరు

ధాన్యం నాలుగు బస్తాలు అవసరమైతే నాలుగే అమ్మవచ్చు. ప్లాటును ముప్పై గజాలు కోసి అమ్మలేం. రూ.2 లక్షలు అవసరమైనా మొత్తం ప్లాటే అమ్మాలి. కొనేవాడు దొరకడానికి నెలలు పట్టవచ్చు. మీకు తొందర ఉందని తెలిస్తే అడిగే ధర తగ్గిస్తారు.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. రైతు ఆస్తి అప్పటికే భూమి రూపంలో ఉంది. మళ్లీ అదే మండలంలో ప్లాటు కొంటే అన్ని గుడ్లూ ఒకే గంపలో ఉన్నట్టే. కరువు వచ్చి పంట పోయిన ఏడాది ఊళ్లో అందరికీ డబ్బు అవసరం. అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు, కొనేవారు ఉండరు. పంట పోయిన ఏడాదే ప్లాటు ధర కూడా పడుతుంది. ఆపదకు ఆదుకోవాల్సిన డబ్బు ఆపదలోనే చిక్కుకుంటుంది.

"ఖాయమైన రాబడి" అంటే అనుమానించండి

ప్రీ లాంచ్ ఆఫర్, నెలనెలా అద్దె, రెండేళ్లకు మేమే తిరిగి కొంటాం, వాయిదాలు కడితే చివర్లో ప్లాటు లేదా డబ్బు... ఇలా రకరకాల పేర్లతో వస్తారు. భూమి ధర ఎవరికీ ముందుగా తెలియనప్పుడు, దాని మీద ఖాయమైన రాబడి ఎవరైనా ఎలా ఇస్తారు? కొత్తగా చేరినవారి డబ్బుతో పాతవారికి ఇస్తున్నారన్నమాట. చేరేవారు తగ్గిన రోజు అంతా ఆగిపోతుంది.

అగ్రిగోల్డ్ వ్యవహారం తెలుగు గ్రామాలు మరిచిపోలేదు. ప్లాట్లు, పొలాల పేరుతో చిన్న చిన్న మొత్తాలు వసూలు చేశారన్న కేసులో ఈడీ ప్రకటనల ప్రకారం సుమారు 32 లక్షల మంది డబ్బు చిక్కుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో రూ.10 వేల లోపు, 2021లో రూ.20 వేల లోపు డిపాజిట్‌దారులకు చెల్లించింది. మిగతావారి ఎదురుచూపులు ఏళ్ల తరబడి సాగాయి. కట్టించుకున్న ఏజెంట్లు కూడా చాలావరకు అదే ఊరి మనుషులు, బంధువులే. తెలిసినవాడు చెప్పాడన్నది పత్రాలకు బదులు కాదు. తెలిసినవాడు కూడా మోసపోయి ఉండవచ్చు.

డబ్బు చేతికి వచ్చినప్పుడు ఈ వరుస పాటించండి

1. ముందు ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చండి. రెండు రూపాయల వడ్డీ అప్పు రూ.5 లక్షలు తీర్చడమంటే ఏడాదికి రూ.1.20 లక్షలు మిగలడమే. 24 శాతం ఖాయమైన రాబడి ఏ ప్లాటూ ఇవ్వదు.
2. ఒక ఏడాది ఇంటి ఖర్చు, ఒక సీజను సాగు పెట్టుబడి బ్యాంకులో ఉంచండి. ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి రూ.5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. పెద్ద మొత్తమైతే రెండు మూడు బ్యాంకుల్లో వేసుకోండి.
3. ఉన్న పొలం రాబడి పెంచే పనులు చూడండి: బోరు మరమ్మతు, బిందు సేద్యం, పాడి పశువులు, ధాన్యం ఆరబెట్టే కళ్లం. వీటి ఫలితం వచ్చే సీజన్‌లోనే కనిపిస్తుంది.
4. కాస్త దూరంలో తక్కువ ధరకు నీటి వసతి ఉన్న సాగు భూమి దొరుకుతుందేమో చూడండి. పంట లేదా కౌలు వస్తుంది, పాసుపుస్తకం నిలుస్తుంది.
5. ఇవన్నీ పోగా, ఏడెనిమిదేళ్లు ముట్టుకోనక్కర లేని సొంత డబ్బు మిగిలితేనే ప్లాటు ఆలోచించండి. అది కూడా ఉన్నదంతా ఒకే చోట పెట్టకుండా. కూతురి పెళ్లి రెండేళ్లలో ఉంటే ఆ డబ్బు ప్లాటులో పెట్టకూడదు.

పన్ను, నగదు విషయంలో జాగ్రత్తలు

- గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు. పట్టణాల దగ్గర అయితే ఉంటుంది. జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉన్న పట్టణానికి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల వరకు 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల లోపు భూమి పన్ను పరిధిలోకి వస్తుంది.
- అలాంటి భూమిని మీరు గానీ మీ తల్లిదండ్రులు గానీ రెండేళ్లు సాగు చేసి ఉండి, అమ్మిన రెండేళ్లలోపు మళ్లీ వ్యవసాయ భూమి కొంటే ఆ మేరకు మినహాయింపు ఉంది. ప్లాటు కొంటే ఈ మినహాయింపు వర్తించదు.
- రెండేళ్లకు మించి ఉంచిన ప్లాటు లాభంపై 12.5 శాతం పన్ను ఉంటుంది. 2024 జూలై 23కు ముందు కొన్నదైతే ఇంకొక లెక్క ఎంచుకునే వీలుంది. కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి అమ్మకముందే ఆడిటర్‌ను కలవండి.
- 2013 భూసేకరణ చట్టం కింద అవార్డుగా వచ్చే పరిహారానికి ఆదాయపు పన్ను లేదు. అవార్డు కాగితం భద్రపరచండి.
- స్థిరాస్తి అమ్మకంలో రూ.20,000 గానీ, అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడం నిషిద్ధం. తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. దస్తావేజులో తక్కువ చూపిస్తే మీరు కొన్న ధర తక్కువగా నమోదవుతుంది. రేపు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. గొడవ వస్తే నగదుగా ఇచ్చినదానికి రుజువు ఉండదు.

బయానా ఇచ్చే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

- ఈ డబ్బు ఏడేళ్లు తిరిగి రాకపోయినా ఇల్లు, సాగు నడుస్తాయా?
- ధర అస్సలు పెరగకపోతే నేను ఎంత నష్టపోతాను? అది భరించగలనా?
- ఇదే ధరకు ఈ లేఅవుట్‌లో గత ఆరు నెలల్లో తిరిగి అమ్మినవారు ఉన్నారా? కంపెనీ అమ్మినవి కాదు, కొన్నవారు అమ్మినవి.
- పత్రాలు చూసిన న్యాయవాది నా మనిషా, వారి మనిషా?
- ఇంట్లోవారికి, ముఖ్యంగా ఇల్లాలికి అన్ని లెక్కలు తెలుసా?
- ఈ రోజే బయానా ఇవ్వమని తొందర పెడుతున్నారా? పెడితే అదొక్కటే వద్దనడానికి సరిపోయే కారణం.

ఇబ్బంది వస్తే

రెరాలో నమోదైన ప్రాజెక్టు అయితే రెరాకు ఫిర్యాదు చేయండి. గడువులోగా అప్పగించకపోతే వడ్డీతో సహా డబ్బు వాపసు అడిగే హక్కు చట్టంలో ఉంది. డబ్బు వసూలు పథకాల మీద పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కొన్న ప్లాటుకు వెంటనే హద్దు రాళ్లు, కంచె వేయించి, ఏడాదికి రెండుసార్లయినా వెళ్లి చూసి, ఫొటోలు తీసుకోండి. ఏడాదికోసారి కొత్త ఈసీ తీయించండి.

ఈ వ్యాసంలోని ధరలు, వడ్డీలు లెక్క అర్థం కావడానికి ఇచ్చిన ఉదాహరణలు. మీ ఊరి ధర, మీ అప్పు వడ్డీ వేసి అదే లెక్కను ఒక కాగితం మీద మీరే చేసి చూడండి. పథకాలు, పన్నులు, అనుమతుల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి నిర్ణయానికి ముందు తహసీల్దారు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో సరిచూసుకోండి. పొలం అమ్మకం వల్ల సాగు, పంట రుణం, పథకాల మీద పడే ప్రభావం గురించి మీ రైతు సేవా కేంద్రంలో గానీ, రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని గానీ అడగండి. అమ్మిన ఎకరం మళ్లీ అదే ధరకు తిరిగి రాదు కనుక, సంతకం పెట్టకముందే అడగడం మంచిది.